గొంతులో దీపం పెట్టిన వైద్యుడు: షెవాలియర్ జాక్సన్

అన్నం తింటూ ఉండగా పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని మన ఇళ్ళలో పెద్దలు అంటారు. నడినెత్తిన మెల్లగా తట్టి మంచినీళ్ళ గ్లాసు అందిస్తారు. సాధారణంగా సంగతి అక్కడితో సరిపోతుంది. ఎప్పుడో ఒకమారు మాత్రం తలుచుకున్నవాడు యముడని తేలుతుంది. మన గొంతుకలో రెండు దారులున్నవి. వెనుకది అన్నానిది, ముందుది ఊపిరిది. ఆ ముందు దారిలో వేరుసెనగ గింజ పడినా, చింతగింజ పడినా, పిన్నీసు పడినా దానిని తిరిగి పైకి రప్పించే ఉపాయం వైద్యుల చేతికి చిక్కి ఇంకా నూట ముప్పయి సంవత్సరాలు కాలేదు. అంతకు ముందు, దగ్గి దగ్గి దానంతట అది బయటపడితే పడినట్టు. లేకపోతే ఊపిరితిత్తి చీముపట్టి, నెలల తరబడి జ్వరపడి బిడ్డ చనిపోయేవాడు. బిడ్డ ఎందుకు పోయాడో కూడా చాలామంది తల్లిదండ్రులకు తెలిసేది కాదు.

ఆ చీకటి దారిలోనికి దీపం పట్టుకొని దిగిన వైద్యులలో ముఖ్యుడు అమెరికా దేశస్థుడైన షెవాలియర్ జాక్సన్. షెవాలియర్ అనే మాట ఫ్రెంచి ప్రభుత్వం కళాకారులకూ పండితులకూ ఇచ్చే బిరుదుగా మనవారికి పరిచయం. ఈయనకు అది బిరుదు కాదు, తల్లిదండ్రులు పెట్టిన పేరు.

జాక్సన్ 1865 నవంబరు 4వ తేదీన పెన్సిల్వేనియా రాష్ట్రంలోని పిట్స్‌బర్గ్ నగరంలో జన్మించాడు. బొగ్గుకూ ఉక్కుకూ పుట్టిల్లు ఆ ప్రాంతం. ఇంట్లో చదువుపట్ల గౌరవం ఉన్నంతగా డబ్బు లేదు. పిల్లవాడు సన్ననివాడు, బిడియస్థుడు, పశువును కొడితే చూడలేనివాడు. ఇట్లాంటివాడు మొరటు పిల్లల మధ్య పడితే ఏమవుతుందో ఉపాధ్యాయులకు వేరే చెప్పనక్కర లేదు. బడికి పోయే దారిలో, తిరిగి వచ్చే దారిలో తోటి పిల్లలు అతణ్ణి రకరకాలుగా హింసించేవారు. ఒకమారు పాడుబడ్డ బొగ్గు గుంటలో పడవేసి పోయారని వార్ధక్యంలో వ్రాసుకున్న ఆత్మకథలో ఆయన చెప్పాడు. ఈ కష్టాలే ఆయనను దయాళువుగా మార్చినవని కొందరు అంటారు. నాకు ఆ మాటమీద నమ్మకం లేదు. బడిలో దెబ్బలు తిన్నవారు పెద్దయి తామూ కొట్టడమే నేను ఎక్కువగా చూశాను. ఆ పిల్లవాడు మొదటినుంచీ మెత్తనివాడు. దెబ్బలు తిని కూడా మెత్తగానే మిగిలాడు.

అతనికి చేతిపని ప్రాణం. కొయ్యపనీ, చిత్రలేఖనమూ చిన్ననాడే పట్టుబడ్డవి. గాజుసామానుమీదా పింగాణీమీదా బొమ్మలు వేసి చదువుకు కావలసిన డబ్బు కొంత సంపాదించుకున్నాడు. 1886లో ఫిలడెల్ఫియాలోని జెఫర్సన్ వైద్య కళాశాలలో పట్టం పుచ్చుకొని, వెంటనే లండన్ వెళ్ళాడు. ఆ రోజుల్లో కంఠవైద్యానికి లండన్‌లో మొరెల్ మెకంజీ అనే ఆయన పెట్టింది పేరు. ఆహారనాళంలోనికి గొట్టం దింపి చూడాలని మెకంజీ చేస్తున్న ప్రయత్నం ఈ యువకుని కంట పడింది. ఆ పనిముట్టు పనికిరాదని తోచింది. ఆ ఆలోచన మాత్రం పనికి వస్తుందని తోచింది.

ఆలోచన సరికొత్తది కాదు. కత్తులు మింగే గారడీవాళ్ళను మన తిరునాళ్ళలో చూడనివారు లేరు. వాడు తల వెనక్కు వాల్చి నోటినీ గొంతునూ ఒక్క గీతలోనికి తెచ్చి కత్తి దింపుతాడు. 1868లో జర్మనీలో కుస్‌మౌల్ అనే వైద్యుడు ఇట్లాంటి గారడీవాణ్ణి పిలిపించి అతని గొంతులోనుంచి తిన్నని గొట్టం దింపించాడు. గొట్టం దిగింది గాని వెలుతురు చాలలేదు. ఇంకా వెనక్కు పోతే మన సుశ్రుతుడే ఉన్నాడు. శరీరంలో చొరబడి బాధించే పరాయి వస్తువుకు శల్యమని పేరు. శస్త్రవైద్యానికి శల్యతంత్రమనే పేరు దానివల్లనే వచ్చింది. గొంతులో లక్క ఇరుక్కుంటే ఒక గొట్టం దింపి, దానిలోనుంచి కాల్చిన కడ్డీ పోనిచ్చి, లక్క దానికి అంటుకొన్న తరువాత చన్నీటితో చల్లార్చి పైకి లాగవలెనని సుశ్రుత సంహిత చెప్పుతుంది. గొట్టం దింపి, పక్కన ఉన్న కండకు ఏమీ కాకుండా వస్తువును మాత్రం పట్టి తేవడం అనే సూత్రం అందులో స్పష్టంగా ఉన్నది.

స్వదేశానికి తిరిగివచ్చిన జాక్సన్ 1890 ప్రాంతంలో ఆహారనాళాన్ని చూసే గొట్టం ఒకటి తయారుచేశాడు. ఒక పెద్దమనిషి మింగిన కట్టుడుపళ్ళ పలక, ఒక పిల్లవాడు మింగిన నాణెం దానితో బయటికి తీశాడు. వార్త పాకింది. ఇతర వైద్యులు ఆ గొట్టాన్ని తెప్పించుకొని, తగిన అభ్యాసం లేకుండానే వాడారు. కొందరు రోగుల ఆహారనాళాలు చిరిగినవి. తాను కనిపెట్టినదే ప్రాణాలు తీస్తున్నదని తెలిసి జాక్సన్ దానిని వాడవద్దని తానే చెప్పి, చాలా ఏళ్ళు ఆ ప్రచారం మానుకొన్నాడు. ఈయన జీవితంలో నాకు అన్నిటికంటె గొప్పదిగా తోచే ఘట్టం ఇదే. పేరు అప్పుడప్పుడే వస్తూ ఉన్న ముప్పయి ఏళ్ళ లోపు వైద్యుడు తన పేరును తానే వెనక్కు లాక్కున్నాడు.

1897లో జర్మనీలోని ఫ్రైబర్గ్ నగరంలో గుస్తావ్ కిలియన్ అనే వైద్యుడు ఒక రైతు శ్వాసనాళపు శాఖలో చిక్కిన ఎముక ముక్కను గొట్టంద్వారా తీశాడు. ఊపిరి దారిలోనికి కూడా దిగవచ్చునని లోకానికి తెలిసింది. జాక్సన్ మళ్ళీ పనిలోనికి దిగాడు. అంతవరకూ వెలుతురు బయటినుంచి గొట్టంలోనికి పంపేవారు. నుయ్యి గట్టుమీద దీపం పెట్టి అడుగున పడిన చేద కోసం వెతికినట్టు ఉండేది. జాక్సన్ గొట్టం చివరనే అతి చిన్న విద్యుద్దీపం అమర్చాడు. దీపం నూతిలోనికే దిగింది.

పనిముట్టు సగం, చెయ్యి సగం. ఎడమచేతితోనూ కుడిచేతితోనూ సమంగా వ్రాయగలవాడు, గీయగలవాడు ఆయన. తరగతిలో రెండు చేతులా రంగు సుద్దలు పట్టుకొని నల్లబల్లమీద స్వరపేటిక చిత్రం గీస్తూ పాఠం చెప్పేవాడట. తన గ్రంథాలలోని చిత్రాలన్నీ, గొట్టంలోనుంచి తాను చూసిన రంగులలో, తానే వేసుకొన్నాడు. ఒక బిడ్డ పిన్నీసు మింగితే, అటువంటి పిన్నీసే మరొకటి తెప్పించి, రబ్బరు గొట్టంలో పెట్టి, ఏ కోణంలో పట్టుకుంటే మొన గుచ్చుకోకుండా వస్తుందో ముందు సాధన చేసేవాడు. నోరు తెరిచి, మొన పైకి తిరిగి ఉన్న పిన్నీసును తిన్నగా లాగితే గొంతు చీరుకుపోతుంది. అందుచేత దానిని ముందు కిందికి, కడుపులోనికి, తోసుకుపోయి, అక్కడ వెనక్కు తిప్పి, మొన వెంటబడి వచ్చేటట్టు బయటికి తీసేవాడు. చిన్న పిల్లలకు మత్తుమందు కూడా సామాన్యంగా ఇచ్చేవాడు కాదు. బలం ఉపయోగించడం ఆయన దృష్టిలో తప్పు. దారి సరిగా తెలిస్తే బలంతో పని ఉండదు.

ఆ దారి తెలియడానికి ఆయనకు తోడుపడినది ఎక్సు కిరణం. 1895లో రెంట్‌జెన్ ఆ కిరణాలను కనిపెట్టిన తరువాత లోహపు వస్తువు ఎక్కడున్నదో చూడడం సులభమయింది. జాక్సన్ ఎదుటినుంచి ఒకటి, ప్రక్కనుంచి ఒకటి పటాలు తీయించి, వస్తువు ఏ శాఖలో ఏ వైపు తిరిగి ఉన్నదో నిర్ణయించుకొని గాని గొట్టం ముట్టుకునేవాడు కాదు. అయితే వేరుసెనగ గింజ పటంలో కనబడదు. జెఫర్సన్ కళాశాలలో ఎక్సు కిరణ శాఖను చూస్తూ ఉండిన విల్లిస్ మాంజెస్ దీనికి ఒక చక్కని ఉపాయం కనిపెట్టాడు. ఊపిరి పీల్చేటప్పుడు శాఖ కొద్దిగా వెడల్పవుతుంది. గింజ ప్రక్కనుంచి గాలి లోపలికి పోతుంది. విడిచేటప్పుడు ఇరుకవుతుంది, గాలి లోపలనే చిక్కుతుంది. గొట్టానికి మూత పడినట్టే. కాబట్టి బిడ్డ ఊపిరి విడిచిన క్షణంలో పటం తీస్తే, గింజ ఉన్న వైపు ఊపిరితిత్తి ఉబ్బే ఉండి, గుండె రెండో వైపుకు జరిగి కనిపిస్తుంది. కనబడని గింజను అది చేస్తున్న పనివల్ల పట్టుకోవడం తర్కశాస్త్రం చెప్పే ఉపాధ్యాయులకు నచ్చే పద్ధతి. పొగను చూసి నిప్పును ఊహించినట్టే గదా! 1918లో జాక్సన్ ఒక అడుగు ముందుకు వేశాడు. ఎక్సు కిరణాలను అడ్డగించే బిస్మత్ పొడిని గొట్టంద్వారా శ్వాసనాళపు శాఖలలోనికి ఊది, బ్రతికి ఉన్న మనిషి లోపల తలక్రిందులైన చెట్టువలె విస్తరించిన ఆ శాఖలను పటం మీదికి ఎక్కించాడు.

ఈ మధ్యలో, 1911లో, ఆయనకు క్షయ సోకింది. మొత్తం మూడుమార్లు ఆ వ్యాధితో మంచాన పడ్డాడు. మంచంమీదనే పుస్తకాలు వ్రాశాడు. 1916లో ఫిలడెల్ఫియాకు తాను చదివిన కళాశాలకే ఆచార్యుడుగా వచ్చాడు. తరువాత ఆ నగరంలోని వైద్య కళాశాలలు ఐదింటిలో ఆచార్య పదవులు నిర్వహించాడు.

ఇక కత్తి సంగతి. గొట్టంతో పని జరగనప్పుడు, గొంతు పూర్తిగా మూసుకుపోతున్నప్పుడు, మెడ ముందు భాగంలో కోసి శ్వాసనాళంలో నేరుగా గొట్టం పెట్టవలసి వస్తుంది. వైద్యులు దీనిని ట్రకియాటమీ అంటారు. ఆనాటికి ఈ శస్త్రానికి ముఖ్య కారణం కంఠసర్పి. ఆ వ్యాధిలో గొంతులో బూడిదరంగు పొర అల్లుకొని పిల్లలు ఊపిరాడక పోయేవారు. మా చిన్నతనంలో కూడా ఆ పేరు చెప్పితే తల్లులు బిడ్డల గొంతు తడిమి చూసుకునేవారు.

మెడ ముందు భాగం చూడడానికి సులభమైన చోటు, కోయడానికి కష్టమైన చోటు. పురుషులకు ముడిలా పొడుచుకొని కనిపించేది థైరాయిడ్ మృదులాస్థి. గ్రీకు భాషలో ఆ పేరుకు డాలు వంటిదని అర్థం. దాని క్రింద క్రైకాయిడ్. అంటే ఉంగరం వంటిది. ఈ రెంటి నడుమ ఒక పలుచని పొర ఉన్నది. పెద్దవారిలో దాని ఎత్తు సుమారు ఒక సెంటీమీటరు. క్రైకాయిడ్ క్రింద శ్వాసనాళపు వలయాలు వరుసగా ఉంటవి. వాటి ముందు అడ్డంగా థైరాయిడ్ గ్రంథి నడిమి భాగం; ఇరుప్రక్కలా తలకు రక్తం తీసుకుపోయే పెద్ద ధమనులు; అడుగున, రొమ్ము ఎముక వెనుక, మరొక పెద్ద ధమని. ఊపిరాడక గింజుకొంటున్న బిడ్డ, ఏడుస్తున్న తల్లి, నూనెదీపపు వెలుతురు. కత్తి ఒక వ్రేలెడు ప్రక్కకు జరిగితే ప్రాణం అక్కడికక్కడే పోతుంది. అందువల్ల చాలామంది వైద్యులు భయపడి, చర్మానికి దగ్గరగా సులభంగా తగిలే పైభాగంలో, క్రైకాయిడ్ దగ్గరనో దాని పై పొరలోనో, కోసి గొట్టం దూర్చేవారు. ఊపిరి ఆడేది. బిడ్డ బ్రతికేవాడు. అందరూ సంతోషించేవారు.

కొన్ని వారాలు గడిచి గొట్టం తీసివేయబోతే అసలు సంగతి బయటపడేది. శ్వాసమార్గంలో పూర్తి వలయంగా ఉన్న మృదులాస్థి క్రైకాయిడ్ ఒక్కటే; తక్కినవి వెనుకవైపు తెరిచి ఉన్న అర్ధవలయాలు. ఆ ఉంగరానికి గాయమై, చీము పట్టి, మానేటప్పుడు మచ్చ కండ పెరిగితే లోపలి దారి కుంచించుకుపోతుంది; ప్రక్కకు జరిగే వీలు లేదు. గొట్టం తీస్తే ఊపిరి ఆడదు. ఆ బిడ్డ ఏళ్ళ తరబడి మెడలో గొట్టంతో, మాట లేకుండా, బడికి పోలేకుండా బ్రతకవలె. ఇటువంటి పిల్లలు దేశం నలుమూలలనుంచీ జాక్సన్ దగ్గరకు వచ్చేవారు. ఆయన వారికి నెలల తరబడి, ఏళ్ళ తరబడి, ఇరుకైన దారిని కొద్దికొద్దిగా వెడల్పు చేసేవాడు. చేస్తూ ప్రతి ఒక్కరికీ మొదటి కోత ఎక్కడ పడిందో వ్రాసిపెట్టుకొన్నాడు. 1921లో అటువంటి 200 మంది వృత్తాంతాలు పరిశీలించి ప్రకటించిన వ్యాసంలో, వారిలో అత్యధికుల దుఃస్థితికి కారణం రోగం కాదనీ, ఎత్తుగా వేసిన కోత అనీ నిరూపించాడు. తోటి వైద్యుల తప్పును వైద్యుల పత్రికలోనే, లెక్కతో సహా చెప్పడానికి ధైర్యం కావలె.

తప్పు చూపి ఊరుకోలేదు. ఎట్లా చేయవలెనో అంతకు ముందే, 1909నుంచీ, చెప్పుతూ వస్తున్నాడు. ఎడమచేతి బొటనవ్రేలితో, నడిమివ్రేలితో మెడ ఇరుప్రక్కలా ఉన్న పెద్ద నాళాలను వెనక్కు నొక్కిపట్టవలె. అప్పుడు నడుమ ఒక త్రికోణం నిరపాయంగా మిగులుతుంది. కోత సరిగా నడిమి గీతలో పొడుగ్గా వేయవలె. రక్తం నిండి కన్ను పనిచేయనప్పుడు చూపుడువ్రేలు లోపల పెట్టి వలయాల గరుకును తడిమి శ్వాసనాళాన్ని గుర్తించి, క్రైకాయిడ్‌ను ముట్టకుండా, దానికి దిగువ వలయాలలో తెరవవలె. ఊపిరి ఆగేదాకా వేచి ఉండక, ముందే నింపాదిగా చేయవలె. మెడ వంపుకు తగిన గొట్టం కూడా ఆయనే రూపొందించాడు. చీకటిలో ఆయన చూపుడువ్రేలే ఆయనకు ఎక్సు కిరణం. ఈ పద్ధతితో ఆ శస్త్రం గండం అనే పేరు పోగొట్టుకొన్నది.

ఆయన చేసిన మరొక మహోపకారానికి శస్త్రంతో సంబంధం లేదు. ఆ రోజుల్లో అమెరికా గృహిణులు సబ్బు వండడానికీ, తూములు శుభ్రం చేయడానికీ తీవ్రమైన క్షారాన్ని ఇంట్లో ఉంచుకునేవారు. చూడడానికి పంచదారలా ఉండేది. డబ్బామీద హెచ్చరిక ఉండేది కాదు. పాకే బిడ్డలు దానిని నోట్లో వేసుకొంటే ఆహారనాళం కాలి, మానేటప్పుడు మూసుకుపోయి, గుక్కెడు నీళ్ళు కూడా దిగేవి కావు. అట్లాంటి ఒక పేద బాలిక ఆహారనాళంలో అడ్డుపడి ఉన్నదానిని జాక్సన్ తీసివేసి, ఒక గ్లాసు నీళ్ళు ఇప్పించాడు. ఆ పిల్ల ఒక్క చుక్క భయంభయంగా మింగింది. అది వెనక్కు వస్తుందని ఎదురుచూసింది. రాలేదు. మరికొంత త్రాగింది. అప్పుడు గ్లాసు పట్టుకొన్న నర్సు చేతిని మెల్లగా ప్రక్కకు జరిపి, జాక్సన్ చేతిని తీసుకొని ముద్దుపెట్టుకొంది. ఇటువంటి పిల్లలు మళ్ళీ తన దగ్గరకు రాకూడదని ఆయన తయారీదారుల చుట్టూ, శాసనకర్తల చుట్టూ సంవత్సరాల తరబడి తిరిగాడు. చివరకు 1927 మార్చి 4వ తేదీన అధ్యక్షుడు కూలిడ్జ్ సంతకంతో, క్షారపు డబ్బాలమీద విషమనే గుర్తూ విరుగుడూ ముద్రించి తీరవలెనని శాసనం వచ్చింది.

జాక్సన్ మాట వైద్యులకు వేదమయింది. వేదమైన మాటలకు ఒక చిక్కున్నది. ఎవరూ వాటిని తిరిగి పరీక్షించరు. క్రైకాయిడ్ పైనున్న పొరలో కోయరాదన్న నిషేధం యాభై ఏళ్ళకు పైగా అట్లాగే నిలిచింది. 1976లో బ్రాంటిగాన్, గ్రో అనే ఇద్దరు శస్త్రవైద్యులు ఆ పొరలోనే కోసిన 655 మంది రోగుల వృత్తాంతం ప్రకటించి, జాక్సన్ భయపడినంత కీడు వారిలో జరగలేదని చూపించారు. అంటే జాక్సన్ తప్పు చెప్పాడా? కాదు. ఆయన చూసిన గొంతులు కంఠసర్పితో పుండుపడినవి, చీమును అణచే మందులు అప్పటికి లేవు, గొట్టాలు మొరటువి, పొరతోపాటు ఉంగరాన్ని కూడా కోసినవారే ఎక్కువ. తాను చూసిన రోగులమట్టుకు ఆయన లెక్క నిజం. ఇప్పుడు పెద్దవారికి నోటిద్వారా ఊపిరి అందించే దారులన్నీ మూసుకుపోయిన విపత్తులో వైద్యులు మొదట చేరేది ఆ పొరనే. చిన్న పిల్లల విషయంలో మాత్రం నేటికీ జంకుతారు. వారి మెడలో ఆ పొర వ్రేలికి అందనంత చిన్నది.

పెద్దవారిలోనైనా వ్రేలు అన్నిమార్లూ నిజం చెప్పదు. లావైన మెడలలో, ముడి బయటికి కనిపించని స్త్రీల మెడలలో, అనుభవం ఉన్న వైద్యుని వ్రేలు కూడా ఆ పొర స్థానాన్ని తరచుగా పొరపడుతుందని పరీక్షలలో తేలింది. ఈ కొరత తీర్చడానికి శబ్దతరంగాలతో లోపలి చిత్రం చూపే అల్ట్రాసౌండ్ వచ్చింది. కత్తి పట్టకముందే, రోగి మంచం దగ్గరనే, ఏ వలయం ఎక్కడున్నదీ, గ్రంథి ఎంత మందమున్నదీ, దారిలో ఏ రక్తనాళం అడ్డంగా పోతున్నదీ వైద్యుడు తెరమీద చూసి, చర్మంమీద గుర్తు పెట్టుకోవచ్చు. 1971లో మెదడును చూడడానికి మొదటిసారి వాడిన సి.టి. యంత్రం తరువాత మెడకూ వచ్చింది. గడ్డ ఒత్తిడికి శ్వాసనాళం ఏ ప్రక్కకు ఒరిగిందీ, ఏ చోట ఎన్ని మిల్లీమీటర్లకు ఇరుకైందీ పొరపొరగా కోసి చూపినట్టు చూపుతుంది. గొట్టం పొడుగూ లావూ అంతకు ముందే నిర్ణయించుకోవచ్చు. రెండు పటాలు ప్రక్కప్రక్కన పెట్టుకొని, రబ్బరు గొట్టంలో సాధన చేసిన ఆ ముసలి ఆచార్యుడు ఈ తెర ముందు ఎంతసేపు కూర్చొని ఉండేవాడో!

ఉద్యోగాలు వదులుకొన్న తరువాత ఆయన ఫిలడెల్ఫియా సమీపంలో స్క్వెంక్స్‌విల్ దగ్గర, ఏటి ఒడ్డున ఉన్న పాత మరయిల్లు ఒకటి నివాసంగా చేసుకొని, కొయ్యపనీ చిత్రలేఖనమూ చేసుకుంటూ గడిపాడు. ఒక్కగానొక్క కుమారుడు కూడా తండ్రి విద్యనే నేర్చి ఆయన పీఠం అధిష్ఠించాడు. 1958 ఆగస్టు 16వ తేదీన, 92వ ఏట, జాక్సన్ కన్నుమూశాడు.

రోగుల గొంతులలోనుంచి తీసిన వస్తువులను ఆయన పారవేయలేదు. ఏది, ఎవరినుంచి, ఎట్లా తీసినదో వ్రాసి భద్రపరిచాడు. 1924లో ఆ సేకరణను ఫిలడెల్ఫియా వైద్యుల కళాశాలకు చెందిన మ్యూటర్ ప్రదర్శనశాలకు ఇచ్చాడు. మొత్తం 2,374 వస్తువులు. అక్కడి సొరుగులు లాగి చూస్తే పిన్నీసులు, మేకులు, గుండీలు, నాణేలు, ఎముకలు, గింజలు వరుసలు వరుసలుగా కనిపిస్తవి. వాటి మధ్య బడిపిల్లలకిచ్చే చిన్న బిళ్ళ ఒకటి ఉన్నది. ఒక్క రోజు కూడా బడి మానని విద్యార్థికి బహుమానంగా చొక్కాకు తగిలించే బిళ్ళ అది.